బానెట్‌కు తాళం

హాతీరాం రిటైరైన రోజున డిపోలో దండ వేసి, శాలువా కప్పి, స్వీటు పెట్టి ఇంటికి పంపించారు. కానీ ముప్పై ఏళ్లుగా ఆయన కళ్లలో కాపురమున్న చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం ఎవరూ సెలవివ్వలేదు. ఆ ఇన్‌స్పెక్టర్ కూడా పెట్టే బేడా సర్దుకుని ఆయనతో పాటే బోడగుట్ట తండాకు వచ్చేశాడు.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఆయన ఎక్కని బస్సు లేదు. ఎక్కీ ఎక్కగానే ఎవరు కిటికీలోంచి అడవిని మరీ శ్రద్ధగా చూస్తున్నారు, ఎవరు దొంగనిద్ర పోతున్నారు, ఎవరి చెయ్యి ఊరికే జేబు మీదికి పోయింది, ఇవన్నీ ఒక్క చూపులో కనిపెట్టి, అరవై మందిలో టికెట్ లేనివాడి ముందుకు నేరుగా వెళ్లి నిలబడేవాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని కండక్టర్లు చాటుగా అనుకునేవారు. ఆ మాట చెవినపడ్డప్పుడు ఆయన మీసం కిందే నవ్వుకునేవాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయనకు తెలియదు.

రిటైరయ్యాక బస్సులు లేవు గాని మనుషులు ఎక్కడికి పోతారు? పాలు పోసే మంగ్లి నీళ్లు కలుపుతోందని అనుమానం. రేషన్ డీలర్ తూకంలో నొక్కుతున్నాడని అనుమానం. భార్య బాలి కూర కాస్త ఎక్కువ వండితే ఎవరికోసమని అనుమానం. బాలి మొదట్లో జవాబులు చెప్పేది. తర్వాత మానుకుంది. జవాబు చెబితే, అంత తొందరగా ఎందుకు చెప్పావని ఇంకో అనుమానం పుడుతుందని ఆమెకు అనుభవం మీద తెలిసింది.

ఆయన మనసారా నమ్మింది ఒక్కదాన్నే. అది మనిషి కాదు, కారు. పందొమ్మిది వందల యాభై ఏడు నాటి నల్ల ల్యాండ్‌మాస్టర్.

ఆయన చిన్నతనంలో ఆ కారు ఒక కలప కాంట్రాక్టరుది. అడవిలో చెట్లు నరికే కూపుల్లో టేకు దుంగలు మోసే కూలీలలో హాతీరాం తండ్రి ఒకడు. అడవి బాటలో వెనక హారన్ మోగితే చాలు, తండ్రి కొడుకును రెక్క పట్టి ముళ్లపొదల్లోకి లాగేవాడు. దుమ్ము రేపుకుంటూ కారు పోయేది. లోపలున్నవాళ్లు ఎన్నడూ పక్కకు తిరిగి చూసింది లేదు. కాంట్రాక్టరు పోయాక ఆ కారు కొత్తగూడెంలో ఒక షెడ్డులో పడి ఉందని, వెనక సీటులో కోళ్లు పొదుగుతున్నాయని హాతీరాంకు తెలిసింది. రిటైరై చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి దాన్ని కొన్నాడు. ట్రాక్టరుకు తాడుకట్టి లాక్కొస్తుంటే దాని వెనకే స్కూటర్ మీద వస్తూ ఏడ్చాడట. ఆ సంగతి ట్రాక్టరువాడు చెబితే తెలిసిందే గాని ఆయన నోట రాలేదు.

దాన్ని బతికించినవాడు దేవ్‌సింగ్. బాలికి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి చనిపోతే ఏడాదిన్నర పిల్లవాణ్ని పదేళ్ల బాలి చంకనేసుకుని పెంచింది. అక్క పెళ్లికి వాడు ఆమె కొంగు వదలక, తండా పొలిమేర దాకా ఏడుస్తూ వచ్చాడు. ఇప్పుడు తల్లాడలో చిన్న మెకానిక్ షెడ్డు పెట్టుకుని, పాత జీపులకూ మోటార్లకూ ప్రాణం పోస్తున్నాడు. బావ తెచ్చిన కారును విప్పి, తోమి, కొన్ని సామాన్లు విజయవాడ పాతసామాన్ల బజారులో వెతికి, కొన్ని తానే తయారుచేసి, రెండు నెలలకు దాన్ని నడిపించాడు. ఇంజన్ అందుకున్న రోజు బావను పక్కకు పిలిచి, ఇంజన్ పక్కన ఉన్న నల్లటి మూత చూపించాడు. దాని నెత్తిమీంచి ఐదు లావుపాటి తీగలు బయలుదేరి ఉన్నాయి.

"నిప్పు పుట్టేది గీడనే బావా. ఈ మూతలకెల్లి నాలుగు దిక్కులకు పంచుతది. గిదే దీనికి పానం."

హాతీరాం ఆ మూతకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకున్నాడు.

ఆ ఏడు, అంటే రెండువేల నాలుగులో, దసరా దాకా కారు ముద్దుల బిడ్డలా నడిచింది. దసరా పోయాక మొదలైంది పేచీ. పొద్దున్నే ఏన్కూరు పోదామని సెల్ఫ్ కొడితే కిర్రుకిర్రుమంటుంది, అందుకోదు. మళ్లీ కొడితే ఒక దగ్గు దగ్గి ఊరుకుంటుంది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే చెయ్యి నొప్పి తప్ప ఫలితం లేదు. కిరాణా కొట్టులో కాయిన్‌బాక్స్ నుంచి తల్లాడకు ఫోన్ చేశాడు. దేవ్‌సింగ్ మోపెడ్ మీద వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. బానెట్ లేపి, లోపలికి వంగి, నిమిషంలో లేచి, ఇప్పుడు కొట్టమన్నాడు. ఒక్క దెబ్బకు అందుకుంది.

"ఏమైందిరా?" అన్నాడు హాతీరాం.

"ఏం లేదు బావా. చెమ్మ" అన్నాడు దేవ్‌సింగ్, చేతిలో గుడ్డను జేబులోకి తోస్తూ.

వారం తిరగకముందే మళ్లీ అదే పాట. ఈసారి ప్లగ్గులు మార్చమన్నాడు హాతీరాం. మార్చాడు. తర్వాతి వారం పాయింట్లు గీకించాడు. ఆపైన కండెన్సర్, ఆపైన కాయిల్, ఆ తర్వాత తీగలు. దేవ్‌సింగ్ వాటితో పనిలేదని నసుగుతూనే, బావ మాట కాదనలేక ఒక్కొక్కటే మార్చాడు. కారును తల్లాడ షెడ్డులో వారం పెట్టుకుంటే వారమూ ఏ పేచీ లేకుండా నడిచేది. తండాకు తెచ్చిన వారం పది రోజులకు మొండికేసేది. అదీ తెల్లవారినప్పుడే. మధ్యాహ్నం ఎండలో కొడితే మళ్లీ మామూలే.

వేరేవాడైతే కారును అనుమానించేవాడు. హాతీరాం మనిషిని అనుమానించాడు. బస్సు ఎప్పుడైనా తప్పు చేసిందా? చేసేది లోపలున్న మనిషే కదా. ఒక పాత డైరీ తీసి, కారు ఆగిన తేదీలన్నీ రాసి, వాటికి ఎదురుగా దేవ్‌సింగ్ వచ్చిపోయిన తేదీలు రాశాడు. రెండు వరుసలూ జంటఎడ్లలా పక్కపక్కనే నడిచాయి. అప్పుడాయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. హైదరాబాదులో పాత కార్లు కొని దాచుకునే పెద్దమనిషి ఎవరో తల్లాడ మీదుగా పోతూ షెడ్డులో ఈ కారును చూశాడట. అమ్ముతాడేమో అడగమన్నాడని, వేసవిలో దేవ్‌సింగే స్వయంగా వచ్చి చెప్పాడు. తాను కస్సుమంటే నవ్వేసి ఊరుకున్నాడు. అప్పుడు నవ్వు అనుకున్నది ఇప్పుడు వేరేగా కనిపించింది.

విసిగించి, వేసారించి, చివరికి అమ్మించే ఎత్తుగడ. అంతే. లేకపోతే బానెట్ లేపిన ప్రతిసారీ బావకు వీపు పెట్టి ఎందుకు నిలబడతాడు? ఆ గుడ్డ ఎందుకు దాస్తాడు? ఏం తుడిచావురా అంటే కళ్లెందుకు దించుకుంటాడు? ముప్పై ఏళ్లలో కళ్లు దించుకున్నవాడి దగ్గర టికెట్ దొరికిన పాపాన పోలేదు.

మర్నాడే ఏన్కూరు నుంచి వెల్డింగ్ చేసేవాణ్ని పిలిపించి, బానెట్‌కు ఇనుపపట్టీ కొట్టించి, దానికి అరచేతంత తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానం చేసేటప్పుడు కూడా అది నడుముకే ఉండేది. శుక్రవారం పొద్దున పూజకు తప్ప ఆ తాళం తీసేది లేదు. నిద్రలో బాలి చెయ్యి పొరపాటున తగిలితే ఉలిక్కిపడి లేచేవాడు.

"నేను నీ కారు ఎత్కపోతనా ఏంది?" అంది బాలి ఒకసారి.

తమ్ముడు అడిగితే తాళం ఇయ్యవని నమ్మకమేందని ఆయన తిరిగి అడిగాడు. ఆమె అటు తిరిగి పడుకుంది. ఆ వారం నుంచి ఆమె తల్లాడ పోవడం ఆయన మాన్పించాడు. తమ్ముడు తండాకొస్తే అక్కాతమ్ముళ్లిద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదిలేవాడు కాదు. దేవ్‌సింగ్ ఆ తాళాన్ని ఒకసారి చూశాడు. బావ తీసి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. అవమానం మింగుతున్నవాడి మొహం అది. హాతీరాంకు మాత్రం దొరికిపోయిన దొంగ మొహంలాగే కనిపించింది.

తాళం వేసినా కారు ఆగింది. అప్పుడైనా కాస్త ఆలోచించవచ్చు. కానీ అనుమానానికి తిండి దొరక్కపోతే తన తోకనే తింటుంది. తాళం తీసి తానే ఇస్తున్నాడు కాబట్టి, బాగుచేసే సాకుతో దేవ్‌సింగ్ లోపల వచ్చే వారానికి సరిపడా రోగం పెట్టి పోతున్నాడని తేల్చుకున్నాడు.

ఇదంతా ఇంటి గుట్టుగానే ఉండేది. లాల్‌సింగ్ మనవడి పెళ్లి రాకపోతే.

లాల్‌సింగ్ ఆ తండాకు నాయక్. డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. పోలీసులూ అడవిలోని అన్నలూ ఇద్దరూ వచ్చిపోయిన రోజుల్లో తండాను ఏ నిందా పడకుండా కాపాడుకొచ్చాడని అందరికీ గౌరవం. ఆయన మనవడి పెళ్లికి పెళ్లికొడుకును తన కారులో తీసుకుపోతానని హాతీరాం తానే అడిగి ఒప్పించాడు. తన తండ్రిని పొదల్లోకి తోసిన కారులో తన తండా పెళ్లికొడుకు ఊరేగాలని ఆయన కోరిక. పెళ్లి శుక్రవారం. ఆ రోజు ఆయన కోడి కూయకముందే లేచి కారును కడిగి, దండలు వేసి, ఎప్పటికంటే శ్రద్ధగా పూజ చేశాడు.

మంచు ఇంకా విడవలేదు. డప్పులు మోగుతున్నాయి. పెళ్లికొడుకు తలపాగాతో వెనక సీటులో కూర్చున్నాడు. రెండు వందల మంది చుట్టూ ఉన్నారు. హాతీరాం సెల్ఫ్ కొట్టాడు. కిర్రుకిర్రు. మళ్లీ కొట్టాడు. కిర్రు. డప్పులవాళ్లు కొంచెంసేపు కొట్టి ఆపేశారు. ఎవరో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. వెనకనుంచి తోయడానికి పదిమంది వచ్చారు. వాగు దాకా తోసినా అది అందుకోలేదు. చివరికి పెళ్లికొడుకు దిగి, బొగ్గు లారీ ఎక్కి పోయాడు.

అప్పుడు గుంపులోంచి కొత్త చొక్కా వేసుకున్న దేవ్‌సింగ్ పరుగెత్తుకొచ్చాడు. తాళం తీయమన్నాడు. వంగాడు. వీపు పెట్టాడు. రెండు నిమిషాలు. కారు గుర్రుమని అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే దేవ్‌సింగ్ కొంప ముంచాయి. రోగం పెట్టినవాడికి కాక ఇంకెవరికి ఇంత జల్దీ మందు తెలుస్తుందని హాతీరాం అక్కడే, అందరూ వినేటట్టు అన్నాడు. అని ఊరుకోలేదు. పెళ్లి తంతు ముగియగానే నాయక్ దగ్గరికి పోయి, తండా అందరినీ కూర్చోబెట్టి కూటమి పెట్టాలనీ, దేవ్‌సింగ్ చేత ప్రమాణం చేయించాలనీ అడిగాడు.

ప్రమాణమంటే బోడగుట్టలో ఆషామాషీ కాదు. నింద పడ్డవాడు తనకు అందరికంటే దగ్గరి మనిషి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి. ఒట్టు నిజమే అయినా సరే, ఒకసారి అలా చెయ్యి పెట్టాక ఆ ఇద్దరి మధ్య రాకపోకలు ఉండవు. ఒకరి గడప ఒకరు తొక్కరు. అందుకే ఆ తండాలో ఇరవై ఏళ్లుగా ఎవరూ దాన్ని అడగలేదు. దేవ్‌సింగ్‌కు దగ్గరి మనిషి ఎవరో అందరికీ తెలుసు.

లాల్‌సింగ్ చాలాసేపు నచ్చజెప్పాడు. ఇనుపముక్క కోసం రక్తసంబంధం తెంపుతావా అన్నాడు. హాతీరాం వినలేదు. ఆదివారం పొద్దునకు కూటమి ఖాయమైంది.

శనివారమంతా బాలి మామూలుగానే పని చేసింది. జొన్నరొట్టెలు కాల్చింది, మేకలకు మండలు వేసింది. అన్నం పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"వాని చెయ్యి నా తలకాయ మీద పెట్టిస్తవా?"

హాతీరాం తలెత్తకుండా, తప్పు చేయకపోతే భయమెందుకన్నాడు.

"భయం కాదు. వానికి మొదటి బుక్క తినిపించింది నేను. రేపు ఆ చెయ్యి నా తలమీద పడితే నాకు తమ్ముడు లేడు. నాకు తమ్ముడు లేకుండ చేసినోని ఇంట్ల నేనుండ. గిది బెదిరింపు కాదు, చెప్తున్న."

హాతీరాం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఒక్క క్షణం అన్నీ వదిలేద్దామనిపించింది. ఆ వెంటనే, ఈమె తమ్ముణ్ని ఇంతగా వెనకేసుకొస్తోందంటే ఇందులో ఈమెకూ వాటా ఉందేమో అనిపించింది. మనసు ఎంత పాడైపోయిందో చూడండి. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

ఆదివారం పొద్దున నాయక్ ఇంటిముందు గచ్చు మీద అందరూ చేరారు. కారును తోసుకొచ్చి పక్కన పెట్టారు. మధ్యలో చాప మీద బాలి ముసుగు లాక్కుని కూర్చుంది. దేవ్‌సింగ్ ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. అక్కవైపు ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.

ప్రమాణానికి ముందు ఒక పద్ధతి ఉంది. నింద వేసినవాడు కడుపులో ఉన్నదంతా కక్కేయాలి. తర్వాత అది గుర్తొచ్చింది, ఇది మరిచిపోయాను అంటే కుదరదు. ఒట్టు పడ్డాక కొత్త నింద వేయకూడదు. అందుకని చిన్నదీ పెద్దదీ ఏదీ మిగల్చకుండా చెప్పమని నాయక్ మూడుసార్లు అడుగుతాడు.

హాతీరాం డైరీ తెరిచి చదివాడు. తేదీలు చెప్పాడు. హైదరాబాదు పెద్దమనిషి సంగతి చెప్పాడు. వీపు పెట్టి నిలబడటం, గుడ్డ దాచుకోవడం, కళ్లు దించుకోవడం అన్నీ చెప్పాడు. తాళం వేశాక కూడా ఆగిన సంగతి చెప్పాడు. వింటున్న కొందరు తలలూపారు. ఇంకేమైనా ఉందా అని నాయక్ రెండోసారి అడిగాడు. పెళ్లిరోజు అవమానం చెప్పాడు. ఇంకేమైనా ఉందా అని నాయక్ మూడోసారి అడిగాడు.

హాతీరాం ఆలోచించాడు. ఒకటి మిగిలింది. చిన్నదని ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు గాని, నిజానికి ఆయన్ను అందరికంటే ఎక్కువ మండించింది అదే.

"ఉన్నది నాయక్. వీనికి దేవుడన్నా భయం లేదు. కారుకు పెట్టిన బొట్టు వచ్చినప్పుడల్లా తుడిచేసిండు. నాలుగుసార్లు చూసిన."

దేవ్‌సింగ్ చటుక్కున తలెత్తాడు.

"ఏ బొట్టు?"

"నిప్పు పుట్టే మూత మీద పెట్టిన బొట్టు. పసుపు రాసి, కుంకుమ పెట్టింది."

"అది ఎవలు పెట్టిన్రు?"

"నేనే. దసరా కాంచి ప్రతి శుక్రవారం పెడుతున్న. నువ్వే చెప్పినవ్ గదా, గదే దీని పానమని."

 దేవ్‌సింగ్ నేలమీద అలాగే చతికిలపడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

"నువ్వా బావా? నేను అక్క అనుకున్న."

చాప మీద ముసుగు కదిలింది.

అప్పుడు దేవ్‌సింగ్ చెప్పాడు. మొదటిసారి బానెట్ లేపినప్పుడే మూతమీద పసుపూ కుంకుమా మెత్తగా తడిసి, ఒక తీగ గూటి నుంచి ఇంకో దానిదాకా పాకి ఉండటం చూశాడట. ఇంట్లో పూజలు చేసేది ఆడవాళ్లే కదా, అక్కే భక్తికొద్దీ పెట్టిందనుకున్నాడు. ఆ మాట బయటికంటే బావ అక్కమీద విరుచుకుపడతాడు. కారు విషయంలో ఆయన ఎవరినీ క్షమించడు. తుడిచేస్తే పోయేదానికి గొడవెందుకని, వీపు అడ్డంపెట్టి తుడిచి, గుడ్డ దాచుకుని, చెమ్మ అని చెప్పాడు. అక్కకు ఒక్కమాట చెప్పి మాన్పిద్దామంటే బావ ఇద్దర్నీ మాట్లాడుకోనివ్వలేదు. తాళం పడ్డాక కూడా కుంకుమ కనిపిస్తే, బావ నిద్రలో ఉన్నప్పుడు అక్క తీస్తోందనుకున్నాడు.

"పొద్దుగాల నుంచి గదే గుబులు. ఒట్టుకు ముందే చెప్తే అక్క పేరొస్తది. చెప్పకపోతే అక్క తలమీద చెయ్యి పెట్టాలె" అన్నాడు. 

అందరూ బాలివైపు చూశారు. ఆమె ముసుగు తీయలేదు.

చేతికి చిక్కిన సాక్ష్యం ఎదురు తిరిగితే ఏ ఇన్‌స్పెక్టర్ అంత తొందరగా ఒప్పుకుంటాడు? కుంకుమకూ ఇంజన్‌కూ ఏం సంబంధమని హాతీరాం అడ్డం తిరిగాడు. డిపోలో దసరాకు ప్రతి బస్సు ఇంజన్‌కూ చేతికందిన చోటల్లా బొట్లు పెట్టేవాళ్లని, ముప్పై ఏళ్లలో ఒక్క బస్సు కూడా దానివల్ల ఆగలేదని గట్టిగా వాదించాడు.

"మీ బస్సులు డీజిల్‌వి బావా. దాంట్ల నిప్పురవ్వ పుట్టేదే లేదు, వత్తిడికే మండుతది. కుంకుమల ముంచినా నడుస్తది. ఇది పెట్రోలు బండి. రవ్వ పోయే తోవల నువ్వు తడిబొట్టు పెట్టినవ్. అది ప్లగ్గుకు పోకుండ బొట్టు మీదికెల్లి పక్కకు పోతది. ఎండకు ఆరినంక మంచిగైతది."

మాటలతో పని లేదు, చూపించమన్నాడు నాయక్. దేవ్‌సింగ్ ఒక గొల్లాయన దగ్గర నల్ల గొంగడి అడిగి తీసుకున్నాడు. హాతీరాం తానే తాళం తీశాడు. పూజసామాను తెప్పించి, ఎప్పుడూ పెట్టినట్టే బావనే పసుపు రాసి బొట్లు పెట్టమన్నాడు దేవ్‌సింగ్. పెట్టాడు.  మంచుకు బదులు కాసిన్ని నీళ్లు చిలకరించారు. బావాబామ్మర్దులిద్దరూ బానెట్ కిందికి తలలు దూర్చారు. పైనుంచి గొంగడి కప్పారు. పట్టపగలు ఆ కాస్త చోట చిమ్మచీకటి అయింది. బయటినుంచి ఎవరో సెల్ఫ్ కొట్టారు.

హాతీరాం చూశాడు. మూత నెత్తిమీద నీలంగా సన్నటి వెలుగు. అది ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకు, అక్కడినుంచి పక్కనున్న ఇనుముకు, జరజర పాకుతోంది. తాను ఎక్కడ వేలు పెట్టాడో అక్కడల్లా ఆగి ఆగి పోతోంది. ఇది కూడా వీడి కనికట్టేమోనని ఒక్క లిప్తసేపు అనిపించింది. అలా అనిపించినందుకు అంత చీకట్లోనూ ఆయనకు సిగ్గేసింది. పక్కనే దేవ్‌సింగ్ ఊపిరి వినిపిస్తోంది. ఇంత దగ్గరగా వాడి మొహం తాను ఎప్పుడూ చూడలేదు. చెంపలు తడిగా ఉన్నాయి.

గొంగడి తీశాక దేవ్‌సింగ్ గుడ్డతో మూతను శుభ్రంగా తుడిచాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూతమీద నిప్పు పాకి పాకి సన్నటి గీత కాలిపోయి ఉందని, అది ఉంటే బొట్టు లేకపోయినా చెమ్మ పట్టిన పొద్దున మళ్లీ ఆగుతుందని, షెడ్డులో వేరే మూత ఉంది కాబట్టి బండిని అక్కడికి తీసుకుపోయి వేస్తానని దేవ్‌సింగ్ నాయక్‌తో చెప్పాడు. బావతో చెప్పలేదు.

నాయక్ హాతీరాంను లేచి నిలబడమన్నాడు. కూటమి పెట్టించినవాడే ముగింపు మాట చెప్పాలి.

హాతీరాం లేచాడు. ఎన్ని వందల మందిని బస్సులో నిలబెట్టి అందరిముందూ అడిగాడో ఆయనకు లెక్క లేదు. తాను నిలబడటం ఇదే మొదలు.

"తప్పు నాది. నా చేతులతోనే చేసుకున్న. దేవ్‌సింగ్ మీద నింద లేదు. ఒట్టు అవసరం లేదు" అన్నాడు. తర్వాత బామ్మర్ది ముందు చేతులు జోడించాడు. దేవ్‌సింగ్ ఆ చేతులు పట్టుకుని దించేశాడు. వాడి కోపం అంతలోనే కరిగింది. మంచివాళ్లతో ఉన్న చిక్కే అది, వాళ్లకు కోపం నిలవదు.

ప్రమాణం గండం తప్పింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. చాయ్ పెట్టమని నాయక్ లోపలికి కేకేశాడు. హాతీరాం చాప దగ్గరికి పోయి, ఇంటికి పోదాం రమ్మని మెల్లగా అన్నాడు.

బాలి ముసుగు వెనక్కి తోసింది. ఆమె ఏడవలేదు. చీర దులుపుకుని లేచింది.

"ఒట్టు తప్పింది, నీ దయ వల్ల కాదు. ఆ బొట్టు మాట నీ నోట్లకెల్లి రాకపోతే ఇప్పటికి నా తలమీద చెయ్యి పడి ఉండు. నువ్వు పెట్టిస్తుండేటోనివే."

 కాదంటే అబద్ధమని ఆయనకు తెలుసు.

"వాడు నా పేరు రావొద్దని మూడు నెలలు దొంగ అనిపించుకున్నడు. నువ్వు ముప్పై ఐదేళ్ల సంసారం జేసి, తాళంచెవి నాకెల్లి దాచుకున్నవ్. నేను తమ్మునింటికి పోతున్న. ఎప్పుడొస్తనో నాకే తెల్వదు. వస్తనో లేదో గూడ తెల్వదు."

ఆమె నడుచుకుంటూ పోయి, కారు వెనక తలుపు తీసి లోపల కూర్చుంది. దేవ్‌సింగ్ కంగారుగా బావవైపు చూశాడు, అక్కవైపు చూశాడు. దిగమని రెండుమాటలు చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. నడపమంది. దేవ్‌సింగ్ తలవంచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

కారు కదిలింది. బాలి పక్కకు తిరిగి చూడలేదు. హాతీరాం అక్కడే నిలబడి ఇంజన్ చప్పుడు విన్నాడు. వాగు దాటేటప్పుడు ఒకసారి దగ్గుతుందేమోనని విన్నాడు. టేకు తోపు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడైనా నిలిచిపోతుందేమోనని విన్నాడు. నిలిచిపోతే పరుగున పోయి కాళ్లమీద పడి బతిమాలుకోవచ్చు. చప్పుడు ఎక్కడా తడబడలేదు. నున్నగా, నెమ్మదిగా, దూరమైపోయింది. నాయక్ ఇంట్లోంచి ఎవరో చాయ్ గ్లాసు తెచ్చి చేతికిస్తే, పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తల్లాడ దాకా ఆ బండి ఆగదు. ఆ సంగతిలో మాత్రం హాతీరాంకు ఏ అనుమానమూ లేదు.